బోణీ చెయ్యి

మా చిన్నాయన అనగానే నాకు గుబురు మీసం, దానిమీద సన్నగా తీర్చిన కనుబొమ్మలు గుర్తొస్తాయి. మా ఊరు యాడికిలో ఎవరు కొత్త అంగడి తెరిచినా మొదటి బేరం ఆయనదే. ఆయన చేత్తో బోణీ అయితే అంగడి నిలబడుతుందని ఊరి నమ్మకం. ఊరికంటే ఆయనకే ఎక్కువ నమ్మకం. హెల్మెట్ల అంగడి తెరిస్తే, బండి లేకపోయినా ఒకటి కొన్నాడు. చిన్నమ్మ అందులో కోడిగుడ్లు పెట్టుకుంది. బ్యూటీ పార్లర్ తెరిచిన రోజు కనుబొమ్మలు తీయించుకుని కళ్లనీళ్లతో ఇంటికొచ్చాడు.

"ఏందిది?" అంది చిన్నమ్మ.

"పార్లర్ బాగా నడుస్తాది," అన్నాడు.

పోయినేడు పళ్ల ఆస్పత్రి వచ్చింది. కుర్రడాక్టరు ఆయన నోరంతా చూసి, "అన్నీ గట్టిగా ఉండాయి పెద్దాయనా. చేసేదేం లేదు," అన్నాడు.

చిన్నాయన ముఖం వాడిపోయింది. "బోణీ కాకుండా ఎట్ల లేసేది? ఎనకది ఒగటి పీకప్పా, ఎవురికీ కనపడదు."

"మంచి పన్ను పీకకూడదు."

ఆయన కుర్చీ దిగలేదు. ఆయన తర్వాత పళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడే ఉన్నారు. చివరికి చిన్నమ్మ లోపలికొచ్చి, ఆయన్ని రెక్క పట్టి లేపి, తాను కూర్చుంది.

"నాది పుచ్చిపోయి శానా దినాలాయ. పీకు నాయనా. లేకుంటే ఈయప్ప ఇంటికి రాడు."

ఆస్పత్రి ఇప్పుడు బాగా నడుస్తోంది. అది తన బోణీయేనని చిన్నాయన అందరికీ చెబుతాడు. పక్కనున్న చిన్నమ్మ కాదనదు. నోరు తెరిచి, పన్ను పోయిన సందు చూపిస్తుంది.