సున్నం తువ్వాలు

మొన్న మా మనవరాలు ఫోనులో ఒకటో తరగతి పాఠం చూస్తూ, మనం కళ్ళతో చూస్తాం అని రాగం తీసింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాకు చేతులు ఆగిపోయాయి. ఉద్యోగం మాని ఇన్నేళ్ళయినా ఆ ఒక్క పాఠం చెవిన పడితే నా గుండెల్లో రాయి పడుతుంది.

పెనుగొండకు నాలుగు మైళ్ళ అవతలి ఊళ్ళో, వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులవుతున్న రోజుల్లో, నేను చిన్న తరగతులకు చెప్పేదాన్ని. కన్ను గురించి పుస్తకం చూసి చెబితే నాకు తృప్తి ఉండేది కాదు. కళ్ళకు గంతలు కట్టి, చేతిలో మామిడాకో బంతిపువ్వో పెట్టి, అదేమిటో, ఏ రంగో చెప్పమనేదాన్ని. పేరు టక్కున చెప్పినవాళ్ళు కూడా రంగు దగ్గర తెల్లమొహం వేస్తుంటే తరగతంతా విరగబడి నవ్వేది. చూపు విలువ నాలా ఎవరు చెబుతారులే అని కాస్త గర్వం కూడాను. గంతలకు గుడ్డ మాత్రం ఎవరిది వాళ్ళే ఇంటినుంచి తెచ్చుకోవాలి.

ఆ రోజు, చెరువు మీద పనిచేసే ఒకాయన కూతురు వాళ్ళ నాన్న తువ్వాలు తెచ్చింది. మడతపెట్టి గట్టిగా కట్టాను. కాసేపటికే మంటండీ అంటూ పిల్ల దాన్ని లాగేయబోయింది. దొంగచూపు చూస్తోందని మిగతావాళ్ళు గోల పెట్టారు. నేనూ అదే అనుకుని దాని చేతులు రెండూ పట్టుకుని, కాస్త ఓర్చుకోమన్నాను. ఎంతసేపు పట్టుకున్నానో నాకిప్పటికీ తెలియదు. అది కెవ్వున కేక పెట్టాక విప్పితే మడతల్లోంచి తెల్లటి పొడి రాలింది. చెరువుకు సున్నం చల్లేటప్పుడు ఆ తండ్రి ముక్కుకు అడ్డం కట్టుకునే తువ్వాలు అది.

పిల్లను ఎత్తుకుని బోరింగు దగ్గరికి పరుగెత్తాను. మా బడి ఆయా బోరింగు కొడుతుంటే ఆ ధార కింద రెప్పలు విడదీసి పట్టుకున్నాను. “టీచరుగారండీ, మీరు కనబడట్లేదండి” అంది పిల్ల. భీమవరంలో కంటి డాక్టరుగారు మందు వేసి, కట్టు కట్టి, మూడు రోజులు పోతేగాని ఏ సంగతీ చెప్పలేనన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మూడు రోజులూ చేసినంత ప్రార్థన ఎప్పుడూ చేయలేదు. ఆ తండ్రి ఎదురుపడతాడేమోనని వీధిలోకే రాలేదు. ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు.

“తువ్వాలు దులపకుండా మేకుకి తగిలించింది నేనేనండి. మీరేం చేస్తారండి” అన్నాడు.

తిట్టినా బాగుండేది. చేతులు పట్టుకున్న సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దేవుడి దయవల్ల కట్టు విప్పాక పిల్లకు చూపు నిలిచింది. వారం పోయాక బడికి వచ్చి, సంచిలోంచి ఉతికిన గుడ్డ ఒకటి తీసి, ఆ వేళ నా వంతు అవలేదు కదండి అంది. నేను దాని మొహం చూడలేక అందరినీ పుస్తకాలు తెరవమన్నాను. ఆ తరవాత రిటైరయ్యేదాకా ఆ పాఠం పుస్తకంలోంచే చెప్పాను. పిల్లలు సరిగ్గానే అప్పజెప్పేవారు, నవ్వు మాత్రం లేదు.

ఇప్పుడు పిల్లకు చిన్న గీత పడితే చాలు, ఏం జరిగిందండి, మీరెక్కడున్నారండి అని తల్లిదండ్రులు పదిసార్లు అడుగుతారట, నేటి టీచర్లు నా దగ్గర విసుక్కుంటారు. మన తరంలో ఎవరూ అడిగేవారు కాదు, పంతులమ్మ చెప్పిందే వేదం. అడిగి ఉంటే నేను చెప్పేసేదాన్నేమో. ఆ తండ్రి పోయాడని ఈమధ్యే తెలిసింది, తప్పంతా తన తువ్వాలుదే అనుకుంటూనే పోయి ఉంటాడు.