సముద్రం అడుగున మంచినీళ్లు

మడగాస్కర్ నైరుతి తీరంలో, సువావాతు ఊళ్లో, ఆడవాళ్లు ఆక్టోపస్‌ని నడుస్తూనే పట్టుకుంటారు. సముద్రం వెనక్కి తగ్గి పగడపు దిబ్బ బయటపడగానే మోకాటిలోతు నీళ్లలో వంగి తిరుగుతూ బొరియల్లో ఇనప చువ్వతో పొడుస్తారు. మునగడం మగవాళ్ల పని. జేతీ మాత్రం మునిగేది.

కొడుకులు లేని ఆమె తండ్రి తన నీటి అద్దాన్ని కూతురి చేతిలో పెట్టి పోయాడు. చెక్క తొలిచి, గాజు బిగించి, అంచు చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు అంటించిన అద్దం అది. దాన్ని ముఖానికి కట్టుకుని ఒడ్డు నుంచి నడిచి వెళ్లి, దిబ్బ అంచున బుడుంగున మునిగేది జేతీ. ఎంతసేపటికీ తేలకపోతే చూసేవాళ్లకే ఊపిరాడేది కాదు.

కాపురానికొచ్చిన కొత్తలో ఆడబిడ్డ కలూని ఊరుకోలేదు. "మా తమ్ముడు పెళ్లాన్ని తెస్తాడనుకుంటే తాబేలుని తెచ్చాడు."

"నువ్వు నములుతోంది ఆ తాబేలు తెచ్చిందే వదినా," అనేది జేతీ, ముఖానికి పూసుకున్న పసుపు పూత పగుళ్లిచ్చేలా నవ్వుతూ.

వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. ఇసుక దిబ్బల వెనక తవ్విన చెలమలే ఆ ఊరికి నీళ్లు. ఆ చెలమల్లోకి ఉప్పు ఊరింది. వండిన మొక్కజొన్న గంజి నోట పెట్టగానే పిల్లలు ఉమ్మేసేవారు. మెట్ట ఊరి బావికి తెల్లారకముందే ఎడ్లబండి కడితే పొద్దుగూకే వేళకి తిరిగొచ్చేది, దార్లో ఎడ్లే సగం తాగేసేవి. ముసలివాళ్లు దాహమేస్తోందని చెప్పడం మానేశారు.

ఆ ఎండాకాలంలోనే, నీరు బాగా తగ్గిన ఒక మధ్యాహ్నం, జేతీ ఒక పెద్ద ఆక్టోపస్ వెంటపడింది. అది దిబ్బ గోడ వెంబడి రంగులు మార్చుకుంటూ పారి, రెండు నిలువుల లోతున ఉన్న గుహలోకి జారిపోయింది. జేతీ టక్కున ఆగింది. దాన్ని ఊపిరి గుహ అంటారు. దాని వాకిట నీళ్లు ఎప్పుడూ వణుకుతుంటాయి. లోపల ఒక ఆత్మ పడుకుని ఊపిరి తీస్తోందనీ, అక్కడికి ఇనుము తీసుకెళ్లకూడదనీ పెద్దల ఆన. ఊళ్లో ఎవరూ దాన్ని మీరలేదు.

పైకి తేలి ఊపిరి తీసుకుంది. చువ్వని బండమీద పెట్టింది. ఊరికే ఒకసారి చూసి వచ్చేద్దామని మళ్లీ మునిగింది.

వాకిట తల పెట్టగానే నుదుటికి చల్లగా ఏదో తగిలింది. మండే ఇసుక మీద గాలి ఆడినట్టు నీళ్లు ఆడుతున్నాయి. ఎదురుగా వస్తున్న ఎర్రచేపల గుంపు ఆ వణుకులోకి రాగానే కరిగిపోయి, అవతల మళ్లీ చేపలయ్యాయి. గుహ కప్పులోని చీలిక నుంచి ఎండ ఒక్క కడ్డీలా దిగి, లోపలంతా మెలికలు తిరుగుతోంది. గోడలకి పట్టిన పగడాలు ఊదా, నారింజ, పేరులేని రంగులు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ దిబ్బ మీదే తిరిగినా, తన కాళ్ల కింద ఇంత ఉందని ఆమెకి తెలియదు. తెలియకుండానే నోరు తెరుచుకుంది. ఒక గుక్క లోపలికి పోయింది.

ఆ గుక్క ఉప్పగా లేదు.

పైకొచ్చి పెదాలు నాక్కుంది. పెదాలు ఉప్పగానే ఉన్నాయి. మళ్లీ దిగి, ఈసారి గుహ కప్పులో గిన్నెలా తొలిచినట్టున్న చోటికి నోరానించి తాగింది. నెత్తిన సముద్రాన్ని పెట్టుకుని, కడుపు చల్లబడేదాకా మంచినీళ్లు తాగింది. భయమేసింది. ఆ భయంలోనే ఎవరికో దణ్ణం పెట్టాలనిపించి, చేతులు రాతికి ఆనించి ఊపిరి ఉన్నంతసేపూ అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర చెప్పింది. కలూని పగలబడి నవ్వింది. "సముద్రంలో మంచినీళ్లంట! ఒరే సంబూ, నీ పెళ్లానికి ఎండ మాడుకెక్కింది, తలమీద తడిగుడ్డ వెయ్యరా."

సంబు తండ్రి వైపు చూశాడు. మామ మహాసులు ఊరి పెద్ద. ఒకప్పుడు గొప్ప మునగాడు. చెవులు పాడై ఏళ్లుగా నీళ్లకి దూరంగా ఉన్నాడు. ఆయన నవ్వలేదు.

"లోపలికి ఇనుము తీసుకెళ్లావా అమ్మాయ్?"

"లేదు మావా. బయటే పెట్టాను."

"అయితే నాకు చూపించు."

మర్నాడు ఆమె ఒక సీసా నింపి తెచ్చింది. కలూని ఒక గుటక వేసి తుపుక్కున ఊసింది. "ఉప్పే! చెప్పానా?"

జేతీకి ఏడుపొచ్చినంత పనైంది. ఆలోచించింది. మంచినీరు తేలిక, కప్పుకి చేరుతుంది. ఉప్పునీరు బరువు, కిందకి జారుతుంది. ఈసారి సీసాని ఉప్పునీళ్లతోనే నింపి తీసుకెళ్లి, కప్పులోని ఆ గిన్నెలో మూతి కిందకి తిప్పి పట్టుకుంది. లోపలి ఉప్పునీరు మెల్లగా కిందకి జారిపోతుంటే ఆ చోట్లోకి మంచినీరు ఎక్కింది. ఊపిరి కోసం పైకీ కిందకీ నాలుగైదుసార్లు తిరిగింది. ఒడ్డున మహాసులు ఆ సీసా నోటపెట్టి, కళ్లు మూసుకుని మింగాడు. లేతకొబ్బరి నీళ్లలో ఉండేంత ఉప్పదనం, అంతే.

ఆయన నీటి అంచున రమ్ము ఒంపి, పోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచాడు. "దొంగల్లా రాలేదయ్యా. దప్పికతో వచ్చాం. ఇనుము తేలేదు. త్రోవ ఇవ్వండి." తర్వాత చొక్కా విప్పి కోడలి అద్దం అడిగాడు.

"నాన్నా, చెవులు!" అన్నాడు సంబు.

"చెవులతో తాగుతానా ఏంట్రా?"

జేతీ ఆయన చెయ్యి పట్టుకుని దింపింది. ముసలాయన ఆ వణికే నీళ్లలోకి తల పెట్టడం, ఎండ కడ్డీ ఆయన తెల్లజుట్టు మీద పడడం, కప్పుకి నోరానించి పసిబిడ్డలా తాగడం అద్దం లేని కళ్లతో మసకగా చూసింది. పైకొచ్చాక ఆయన చాలాసేపు బండ పట్టుకుని రొప్పాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది. తుడుచుకోలేదు.

"మా అయ్య ఊపిరుందన్నాడు," అన్నాడు చివరికి. "నిజమే చెప్పాడు. చల్లటి ఊపిరి."

ఆ తర్వాత మునిగేవాళ్లందరికీ జేతీయే డబ్బా తిప్పడం నేర్పింది. నిండిన పసుపు ప్లాస్టిక్ డబ్బాకి మూత బిగించి గుహ వాకిలి దాటించి వదిలేస్తే, మంచినీరు తేలిక కాబట్టి, అది తనంతట తనే పైకి తేలేది. దిబ్బ మీద కాసుకున్న ఆడవాళ్లు కేకలేస్తూ దాన్ని అందుకునేవారు. మొదటిది అందుకుంది కలూనియే. అందరికంటే ముందు తనే తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నాకూ చూపించవే," అంది రెండు రోజుల తర్వాత, ఎవరూ వినకుండా.

ఆమెకి మునగడం రాదు. జేతీ అద్దం కట్టి, నడుం పట్టుకుని, గుహ పైన నీళ్లలో బోర్లా పడుకోబెట్టింది. కలూని చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక, ఇంటికెళ్లేదాకా ఒక్క మాటా అనలేదు. కలూని అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఊరు ఎరగదు.

మరుసటేడు వానలు పడ్డాయి. చెలమలు తీపెక్కాయి. గుహ నీళ్ల అవసరం తీరిపోయింది. అయినా ఊళ్లో బిడ్డ పుడితే నోట వేసే మొదటి నీటి చుక్క అక్కడి నుంచే తేవాలని మహాసులు నియమం పెట్టాడు. తేవాల్సింది జేతీయే. ఇప్పుడామెకి మనవలున్నారు. వెళ్లిన ప్రతిసారీ వాకిట ఒక క్షణం ఆగి, ఆ వణికే నీళ్లు నుదుటికి తగిలాకే లోపలికి వెళుతుంది.