పెద్దపేగులోకి ఆహ్వానం

పిలుపుల బాబాయ్‌కి ఉన్న అలవాటు ఒక్కటే. మనిషి కంటబడితే చాలు, పిలుస్తాడు. భోజనానికి కాదు, పెళ్ళికి కాదు, తను పనిచేసే చోటికి. ఆ చోటు ఏ పూలతోటో, సినిమాహాలో అయితే ఎవరికీ పేచీ ఉండేది కాదు. ఆయన పనిచేసేది విశ్వవిద్యాలయంవారి క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో. "ఒక్కసారి మా సెంటరుకి వచ్చిపొండి" అని ఆయన సొంత కూతురి పెళ్ళికి పిలిచినంత ఆప్యాయంగా అంటుంటే, విన్నవాళ్ళు ముందు గుటకలు మింగేవారు. తర్వాత, ఎవరూ చూడకుండా, మెడ తడుముకునేవారు.

ఉద్యోగమే అది కదా అనుకోవచ్చు. జనాన్ని లోపలికి రప్పించి, అక్కడ జరిగే పరిశోధన చూపించే విభాగానికి ఆయనే అధికారి, ఆయనే గుమాస్తా, కుర్చీలు వేసేదీ ఆయనే. కానీ పై అధికారులు ఆశించింది గోడ మీద నాలుగు పోస్టర్లు. ఈయన పోస్టరులా మనుషులకే అంటుకునేవాడు.

లోను కావాలా అని ఫోను చేసిన అమ్మాయిని పిలిచాడు.

"సార్, మీకు లోను అవసరం ఉందా లేదా?"

"లేదమ్మా. నీకు శనివారం తీరిక ఉందా లేదా?"

పొరపాటున ఆయన నంబరు నొక్కిన ఒక పెద్దమనిషి "సారీ అండీ, రాంగ్ నంబరు" అంటే, "ఫర్వాలేదు, మనిషి రైటే కదా, రండి" అన్నాడు. ఆ పెద్దమనిషి తోడల్లుడిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు కూడా ఆయన ఊరుకోలేదు. "ఆ... ఆఆ..." అంటుంటే నొప్పి కాబోలని డాక్టరు ఇంకో ఇంజెక్షన్ పొడిచాడు. పాపం, ఆయన ఆ డాక్టరుని మైక్రోస్కోపుల ప్రదర్శనకి పిలుస్తున్నాడు.

పిలిచిన ప్రతివాళ్ళకీ చివర ఒక షరతు పెట్టేవాడు. "ఏ పనీ లేకుండా రావాలి. పనుంటే ఎవడైనా వస్తాడు. ఊరికే రండి."

మూడో అంతస్తు ప్రయోగశాలలో కణాలు పెంచే కుర్ర శాస్త్రవేత్తకి ఈ షరతు వింటే నవ్వొచ్చేది. ఊరికే ఎక్కడికైనా వెళ్ళడం అనేది ఆమె జీవితంలోంచి ఎప్పుడో మాయమైపోయింది. ఇంట్లో తొమ్మిది నెలల పాప. ఆ పాపకి నిద్రతో పాతకక్షలు. అమ్మకేమో చదువుకున్న చదువే శత్రువు. పాప తుమ్మితే వైరస్‌ల పేర్లు, నవ్వకపోతే నాడీమండలం, ఎక్కువ నవ్వితే ఇంకేదో. దానికితోడు నిద్రలేమి. మైక్రోస్కోపులో కళ్ళు పెడితే ఊదారంగు పూసిన కణాలు మెల్లగా పూలమడుల్లా విచ్చుకునేవి, వాటి మధ్య ఎవరో జోలపాడుతున్నట్టుండేది. పక్కనున్నవాళ్ళు "మేడమ్, మైక్రోస్కోపు మీద మీ నుదురు" అంటే ఉలిక్కిపడి లేచేది. నిద్రలేని తల్లికి లోకమంతా నీళ్ళ అడుగున ఉన్నట్టే ఉంటుంది. మాటలు బుడగల్లా పైకి పోతుంటాయి.

ఆ బుడగల్లో ఒక మాట మాత్రం పగలకుండా ఆమె గుండెల్లోనే తిరుగుతోంది. అది అత్తగారన్న మాట.

ఒకరోజు పాపకి స్నానం చేయిస్తూ, తువ్వాలు అందించమన్నంత తేలిగ్గా అన్నారావిడ. "ఇక్కడ ఏదో గడ్డలా తగులుతోందే అమ్మాయ్. వయసన్నాక ఏదో ఒకటి తగుల్తుందిలే." చెయ్యి రొమ్ము పక్కన పెట్టి మళ్ళీ తీసేశారు. అంతే. ఆ తర్వాత ఆ ఊసెత్తితే ఒట్టు.

కోడలు ఊరుకుంటుందా? బొమ్మలు గీసి చెప్పింది. శాతాలు చెప్పింది. పరిశోధన పత్రాలు అచ్చుతీసి వంటింట్లో పెట్టింది. అత్తగారు వాటిని డబ్బాల కింద పరిచారు.

"మా సెంటర్లోనే క్లినిక్ ఉంది అత్తయ్యా. మా ల్యాబు కింద అంతస్తే. నేను పక్కనే ఉంటాను."

"ఆ బిల్డింగు మెట్లెక్కితే లేని రోగం అంటుకుంటుంది. నేను రాను."

"అది అంటుకునేది కాదని చెప్పానా లేదా?"

"భయం అంటుకుంటుందిగా!"

దీనికి ఏ పత్రంలోనూ జవాబు లేదు. కొడుకు కల్పించుకోబోతే, "నీకేం తెలుసురా, నిన్ను కన్నదాన్ని నేను" అని ఒక్క మాటతో సోఫాలో కూలేశారు.

అత్తగారి కోసం తీసుకున్న అపాయింట్‌మెంటు రెండోసారి కూడా రద్దు చెయ్యడానికి కోడలు కింది అంతస్తులో క్లినిక్ కిటికీ దగ్గర నిలబడింది. ఆ కిటికీ ఎదురుగానే బాబాయ్ బల్ల. ఆయన గదిని ఫ్రీజర్లకి ఇచ్చేసి ఆయన్ని వరండాలోకి తోసి చాలాకాలమైంది. దానికాయన బాధపడలేదు. గదిలో ఉంటే ఎవరు దొరుకుతారు?

"ఆవిడ రానంటున్నారు, తీసెయ్యండి" అని కోడలు గొంతు తగ్గించి చెబుతుండగా వెనకనుంచి కేకొచ్చింది.

"అమ్మాయ్! మీ అత్తగారు పొడుగా, పొట్టా?"

"ఏంటి బాబాయ్?"

"ఎత్తు అడుగుతున్నాను."

"పొట్టే. ఎందుకు?"

"అమ్మయ్య! పేగులో నిలబడాలి. పైకప్పు బాగా కిందకుంది. పొడుగువాళ్ళయితే మెడలు పట్టేస్తాయి."

ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచిస్తున్న మనిషిని పట్టుకుని పేగులో నిలబెట్టడం గురించి మాట్లాడితే ఒళ్ళు మండదూ? పైగా ఆ పేగు సంగతి ఆమెకి తెలుసు. శనివారం సందర్శకుల దినం. అందుకని బాబాయ్ ఎక్కడినుంచో గాలి నింపితే లేచి నిలబడే గులాబిరంగు పెద్దపేగు తెప్పించాడు. మనుషులు అందులోకి ఒక చివర దూరి, రెండో చివర తేలాలి. మధ్యలో గోడకి బుడిపెలుంటాయి. వాటిని చూపించి, అవి చిన్నగా ఉన్నప్పుడే తీయించుకుంటే క్యాన్సరుగా మారవని చెప్పడానికి ఒక మనిషి కావాలి. "మా అత్తగారు ఎక్కడికీ రారు" అని పొడిగా చెప్పి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్తగారు ఫోనులో ఉన్నారు. స్పీకరు పెట్టారు, చంకలో పాప ఉంది కాబట్టి.

"నాకేం తెలుసండీ పేగుల గురించి?"

"పుట్టినప్పట్నుంచీ మోస్తున్నారు కదమ్మా."

"అయినా నేను ఆసుపత్రులకి రానండీ. నాకు పడదు."

"ఆసుపత్రికి ఎవరు రమ్మన్నారు? రోగులు అటువైపు, మనం ఇటువైపు. మీరు మా మనిషి. వచ్చినవాళ్ళకి దారి చూపించాలి."

"మరి పాపని ఎవరు చూస్తారు?"

"అయ్యో, పాపని మర్చేపోయాను! క్షమించాలి. ఫోను పాప చెవి దగ్గర పెట్టండి. అమ్మడూ, శనివారం మా సెంటర్లో చిన్న కార్యక్రమం. అమ్మమ్మా నాయనమ్మా అందరితో కలిసి తప్పకుండా రావాలి. ఏ పనీ లేకుండా రావాలి."

పాప ఫోనుని నాకి, "బ్బ" అంది.

"వస్తానంటోంది" అన్నాడు బాబాయ్. "ఇంక మీ ఇష్టం. పసిదాని మాట తీసెయ్యకండి."

పిల్చినవాణ్ణి కాదనలేని వంశం అత్తగారిది. శనివారం పొద్దున్నే, ఎవరూ అడక్కుండానే, ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "నేను పేగు వరకే వస్తున్నా" అని ముందే హద్దు గీశారు.

హాలంతా జనం. లోను అమ్మాయి వచ్చింది. పళ్ళ డాక్టరు వచ్చాడు. నడుమ ఆ పేగు నిద్రపోతున్న ఏనుగులా గాలి పీల్చి వదులుతోంది. డైరెక్టరుగారు కోటు వేసుకుని రిబ్బను కత్తిరించి, తలవంచి, గంభీరంగా లోపలికి ప్రవేశించారు. చప్పట్లు. అప్పుడే కుర్ర శాస్త్రవేత్త కళ్ళు నులుముకుని ఇంకోసారి చూసింది. శుక్రవారం సాయంత్రం తన ప్రయోగశాలవాళ్ళే, అందరూ డాక్టరేట్లే, తలా ఒక చెయ్యి వేసి గాలి నింపారు. తాళ్ళు బిగించారు, కొలతలు వేశారు. అది ఎటునుంచి ఎటో మాత్రం చూడలేదు. డైరెక్టరుగారు ప్రారంభోత్సవం చేసింది పేగుకి చిట్టచివర. అసలు చివర.

"బాబాయ్!" అని చెవిలో గుసగుసలాడింది. "తిరగేసి పెట్టాం! అందరూ వెనకనుంచి వెళ్తున్నారు!"

బాబాయ్ ఒక్కక్షణం ఆలోచించాడు. "ఎటునుంచి వచ్చినా మనవాళ్ళే కదమ్మా."

పక్కనే టీ తాగుతున్న పేగుల డాక్టరు కప్పు దించకుండా అన్నాడు: "మేం రోజూ అటునుంచే వెళ్తాం."

పాప ఏడుపు లంకించుకుంది. అత్తగారు దాన్ని భుజాన వేసుకునే పేగులో మలుపు దగ్గర నిలబడ్డారు. కాసేపటికి కోడలు ఏమైందో అని వంగి లోపలికి వెళ్ళింది. ఆమెకి మళ్ళీ ఆ నీళ్ళ అడుగు లోకం ఎదురైంది, కానీ ఈసారి వెచ్చగా. గోడలన్నీ గులాబిరంగు వెలుగు. గాలిపంపు ఒకే శ్రుతిలో హుమ్మని మోగుతోంది. నేల మెత్తగా దిగి, మెత్తగా లేస్తోంది. మనుషుల మాటలు దూరంగా, ఎవరి కలలోంచో వస్తున్నట్టున్నాయి. మందులకీ జోలపాటలకీ లొంగని పాప నాయనమ్మ భుజం మీద నోరు తెరుచుకుని గాఢనిద్రలో ఉంది. కోడలు ఆ గోడకి ఒరిగింది. గోడ ఆమెని ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళు మూతలు పడుతుండగా అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది.

"రండి రండి, తల జాగ్రత్త. ఇదిగో, ఇవి బుడిపెలు. చిన్నగా ఉన్నప్పుడు చూపించుకుంటే ఏ గొడవా లేదు. ఎవరికీ చెప్పకుండా దాచుకుంటేనే తంటా. ఏం బాబూ, నవ్వుతావేం? మీ నాన్నకి చెప్పు. రండి రండి, తల జాగ్రత్త..."

పొద్దుటినుంచీ అవే మాటలు. మొదట అప్పజెప్పినట్టు, తర్వాత ఆవిడ సొంత మాటల్లా, మధ్యాహ్నానికి దబాయింపుగా. చివరికి పూలగౌను వేసుకున్న ఒక చిన్నపిల్ల బుడిపెని వేలితో నొక్కిచూసి, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగింది.

"మరి మీరు చూపించుకున్నారా మామ్మగారూ?"

పంపు ఒక్కటే మోగుతోంది. కోడలు కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఈ క్షణం చెదిరిపోతుందేమోనని భయం.

"లేదమ్మా" అన్నారు అత్తగారు, పాపని రెండో భుజానికి మార్చుకుంటూ. "నాకు తీరిక దొరకలేదు."

"ఇప్పుడు తీరికేగా?"

ఆ పిల్ల వెళ్ళిపోయాక అత్తగారు కాలితో కోడల్ని తట్టారు. "లే. నిద్ర నటించింది చాలు. ఆ కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి ఇందాక నాకు టీ ఇచ్చింది. మంచిపిల్ల. ఆ పిల్లేనా అపాయింట్‌మెంట్లు రాసేది?"

తర్వాతి వారం అత్తగారు క్లినిక్కుకి కోడలికన్నా ముందే నడిచి వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ "పేగు మామ్మగారు వచ్చారు" అన్నాడు. లిఫ్టులో పేగుల డాక్టరు నమస్కారం పెట్టాడు. స్కానింగుకి పిలిచేలోపు అత్తగారు, పక్క కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్న ఇంకొకావిడకి మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, ఏ నర్సు చెయ్యి మెత్తనో చెప్పేశారు.

ఆవిడ లోపలికి వెళ్ళాక నర్సు కోడలి పక్కన కూర్చుంది. "భయపడకండి మేడమ్. ఇక్కడికొచ్చేవాళ్ళలో సగంమంది మా పిలుపులాయన చుట్టాలే. 'ఇదివరకొకసారి వచ్చానండీ, ఊరికే చూడ్డానికి' అంటూ వస్తారు. తెలిసినింటికి వచ్చినట్టు వస్తారు."

"ఆయనకదో పిచ్చి" అంది కోడలు, ప్రేమగానే.

"పిచ్చి కాదండీ. వాళ్ళక్కగారు ఈ గేటుదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారట, ఎన్నో ఏళ్ళ కిందట. లోపల తెలిసిన మొహం ఒక్కటీ లేదురా అన్నారట. ఇంక అప్పట్నుంచీ..." నర్సు మాట పూర్తి చెయ్యలేదు. ఎవరో పిలిచారు.

కోడలు వరండావైపు చూసింది. కిటికీకి ఎదురుగా ఆ బల్ల. అక్కడ కూర్చుంటే ఎవరు ధైర్యంగా వస్తున్నారో, ఎవరు పేరు కొట్టేయించుకుని వెనక్కి తిరుగుతున్నారో మొత్తం కనిపిస్తుంది. పొట్టా పొడుగా అని ఆయన ఏ క్షణాన అడిగాడో ఆమెకి అప్పుడు తట్టింది.

స్కానింగు చేశారు, సూది పెట్టారు, నీళ్ళు తీశారు. నీటి తిత్తి. భయపడాల్సింది ఏమీ లేదు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. అత్తగారు, "ఇంతేనా! దీనికా ఇన్నాళ్ళు నన్ను కాల్చుకుతిన్నావు?" అని నేరం మొత్తం కోడలిమీదకి తోసేశారు. కోడలు సంతోషంగా ఒప్పేసుకుంది.

బాబాయ్ బల్లదగ్గర ఆగారు ఇద్దరూ. ఆయన లేచి నిలబడి, ఉన్న ఒక్క కుర్చీనీ అత్తగారివైపు తోశాడు.

"రిపోర్టు మంచిగా వచ్చిందండీ" అన్నారావిడ.

"ఏ రిపోర్టమ్మా?" అన్నాడు బాబాయ్, పసిపాపలా కళ్ళు పెద్దవి చేసి. ఆ కళ్ళు అలాగే ఉండిపోయాయి. తర్వాత ఆయన హఠాత్తుగా బల్లకిందికి వంగి, అక్కడ లేని పెన్నుకోసం తెగ వెతకడం మొదలుపెట్టాడు.

మెట్లు దిగుతూ అత్తగారు తల అడ్డంగా ఊపారు. "పాపం, మనిషి మంచివాడే కానీ, అబద్ధమాడటం అస్సలు చేతకాదు."