బస్సెక్కని మా చిన్న దొరసాని

మా ఊరి చిన్న దొరసాని చనిపోయింది. దొరల బంగళా, గడి నుంచి వచ్చిన మా అమ్మ చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి చెప్పింది: “తొవ్వల్నే పాణం పోయిందంట బిడ్డా. నిజామాబాద్ గూడ చేరలేదంట.” దొరసానికి ముప్పై ఏళ్లు నిండలేదు.

బోధన్ దాటి రెంజల్ వైపు వచ్చినవాళ్లు చెరుకు తోటల నడుమ మా ఊరి గడిని చూసే ఉంటారు. గోడ అంత ఎత్తు కాబట్టి లోపలి మనుషులను చూసి ఉండరు. మా అమ్మ అక్కడ వంట చేస్తుంది. కాలేజీ నుంచి వచ్చాక నేను దొరసాని కూతురికి అక్షరాలు దిద్దించేదాన్ని. ఆ ఇంటి కోడళ్లు రోడ్డు మీద నడవరు. ఎక్కడికి వెళ్లినా అద్దాలు ఎత్తిన కారులోనే.

పాప పలక పట్టుకోగానే చిన్న దొరసాని గడి వెనక మెట్ల మీదికి చేరేది. అత్తగారికి కనబడకుండా చెరుకు ముక్క నమిలి, పిప్పిని పేపర్లో చుట్టి పెట్టేది. “ఇయ్యాల బస్సుల ఎవలు కొట్లాడిన్రు పిల్లా?” అని అడిగేది.

ఒకసారి బుట్టలో కోడితో ఎక్కిన ముసలమ్మ సంగతి చెప్పాను. కోడికీ టికెట్ తీసుకొమ్మన్నాడు కండక్టర్. “గది పెట్ట సారూ! ఆడోళ్లకు ఫిరీ గాదా?” అన్నది ముసలమ్మ. దొరసాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“మరి నాకు గూడ ఫిరీయేనా?”

“ఆధార్ కార్డుంటె చాలు దొర్సానీ.”

“కార్డున్నది పిల్లా. బస్సే లేదు.”

నేను గబగబా చెప్పేస్తే ఊరుకునేది కాదు. “ముసలామె చీర రంగేంది? గాలి ఎటుకెల్లి వస్తుండె? గవి గూడ చెప్పు.” ఆమె అడుగుతుందనే నేను బస్సు కిటికీలోంచి చూడటం నేర్చుకున్నాను. చూసినదానికి తగిన మాట వెతుక్కోవడమూ ఆ మెట్ల మీదే మొదలైంది. పాప బడిలో చేరాక ముగ్గురం బోధన్ దాకా బస్సులో వెళ్లాలనుకున్నాం. “కిటికీ సీటు నాదే. మీరిద్దరు కొట్లాడుకోండ్రి” అన్నది.

ఆమెకు జ్వరం వచ్చినప్పుడు డాక్టర్‌ను గడికే పిలిపించారు. ఆ ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి ఆమె లేచి కూర్చోలేకపోతోంది. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని డాక్టర్ చెప్పి వెళ్లాడట. కారేమో చిన్న దొరతో హైదరాబాద్‌లో ఉంది. అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామన్నది మా అమ్మ.

“గడి కోడలు నలుగురి ముంగట గట్ల పండుకొని పోతదా? కారు బయిలెల్లింది, వస్తది” అన్నది ఆమె అత్తగారు, పెద్ద దొరసాని.

నేను ఉండబట్టలేక రోడ్డు మీదికి ఉరికి ఆటోను తీసుకొచ్చాను. దానికి గేటు తెరుచుకోలేదు. “లోపల్నుంచి మాట రాలే చెల్లె, నన్నేం జెయ్యమంటవ్?” అన్నాడు వాచ్‌మన్ తల దించుకుని. ఆటో కాసేపు ఆగి వెళ్లిపోయింది. నేను మంచం దగ్గరికి వస్తే చిన్న దొరసాని కళ్లు తెరిచి, “పోయిందా?” అని మాత్రం అడిగింది.

కారు మధ్యాహ్నం దాటాక వచ్చింది.

దినాలు అయ్యాక పెద్ద దొరసాని మా అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. “నేను గూడ ఎన్నడు గట్ల పోలే. నాకేం ఎరుక?” అన్నది.

ఇప్పుడు చెరుకు తోట ఒడ్డున పాలరాతి సమాధి కట్టారు. ముత్తయిదువగా పోయిన మనిషి అని మా ఊరి ఆడవాళ్లు పసుపు కుంకుమలతో వెళ్లారు, వాళ్లతో నేనూ వెళ్లాను. చుట్టూ ఇనుప ఊచల జాలీ, దాని తలుపుకు తాళం. తాళంచెవి గడిలో ఉందట. కొందరు బయటే దండం పెట్టుకుని మళ్లారు. మా అమ్మ మాత్రం జాలీలోంచి భుజం దాకా చెయ్యి చాపింది. రాయి అందలేదు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె వేళ్ల సందుల్లోంచి పసుపు కొంచెం కొంచెంగా గడ్డి మీదికి రాలుతోంది.