ఏడుపుమొహం పెట్టె

పందొమ్మిదేళ్లు తప్పని చెయ్యి ఆ రోజు తప్పిందా, కావాలని తప్పించిందా? ఎంత ఆలోచించినా ఈనాటికీ తేలలేదు. ఆ చేతి మనిషికే తెలిసినట్టు లేదు.

వైర్లకు ప్లగ్గులు బిగించే కార్ఖానాలో ఆవిడది చివరి బల్ల. అందరూ చెకింగక్క అనేవారు. ఎదురుగా గోడకు దేశదేశాల సాకెట్లు వరసగా బిగించి ఉండేవి. వచ్చిన ప్లగ్గునల్లా దాని సాకెట్లో గుచ్చి, లాగి, పిన్నులు చూసి, పెట్టెలో వెయ్యాలి. పెట్టెల మీద దేశాల పేర్లు ఉండేవి గానీ హాల్లో ఆడవాళ్లు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. రెండు గుండ్రటి బెజ్జాల ఐరోపాది పందిముక్కు. అమెరికాది నోరు తెరిచిన బిత్తరమొహం. డెన్మార్కుది నవ్వుమొహం. బ్రిటనుది బెట్టుమనిషి, పొడుగు పిన్ను ముందు దూరితే గానీ మిగతా రెండు బెజ్జాల తలుపులు తియ్యదు. కళ్లు పక్కలకు వాలిపోయిన ఆస్ట్రేలియాది ఏడుపుమొహం.

"చైనాదీ ఇదే ఏడుపు. కాకపోతే శీర్షాసనం వేసి ఏడుస్తుంది," అనేది ప్యాకింగావిడ.

చైనా ప్లగ్గు ఆస్ట్రేలియా సాకెట్లో దూరిపోతుంది కూడా. ఉన్న తేడా అల్లా ఒకటే, ఆస్ట్రేలియాదానికి వేలికి షాక్ కొట్టకుండా పిన్నుల మొదట్లో నల్లటి తొడుగు ఉంటుంది.

ఆ హాలుకు కిటికీ లేదు. పొద్దస్తమానం ఆ మొహాలన్నీ తననే చూస్తుంటే చెకింగక్కకు ఊపిరాడేది కాదు.

ఆ ఏడు, ఆడపిల్లలకు వైరింగు నేర్పే బడి నుంచి పాఠాలు చెప్పడానికి రమ్మని పిలుపొచ్చింది. వచ్చే శుక్రవారం సాయంత్రం లోగా చేరాలి. ఈ ఉద్యోగం ఇప్పించిందీ, ఉండటానికి తన ఇంట్లో వెనక వాటా ఇచ్చిందీ సూపర్‌వైజరే. ఆయన ఆవిడ భర్తకు సొంత అన్న.

"బావగారూ, నన్ను వదిలెయ్యండి."

"నిన్నెవరు పట్టుకున్నారమ్మా? ఈ ఆర్డరొకటి పోనీ."

"పోయినసారీ ఇదే మాటన్నారు."

"నువ్వు లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే," అని నవ్వాడు. మంచివాడు. అదే వచ్చిన చిక్కు.

మంగళవారం లోడింగు దగ్గర గోల. ఆస్ట్రేలియా లారీలో ఒక పెట్టె నిండా పిన్నులకు తొడుగు లేని చైనా ప్లగ్గులు. పెట్టె మీద చెకింగక్క సంతకం.

"ఎవరిదీ ఘనకార్యం? ఇప్పుడే ఇంటికి పంపిస్తా!" మేనేజరు అరిచాడు.

చెకింగక్క లేచి నిలబడింది. భయం ఉండాల్సిన చోట ఏదో తేలిక. నోరు తెరవబోయింది.

"తప్పు నాది సార్. చూడనివ్వకుండా నేనే తొందరపెట్టి సంతకం చేయించాను," అన్నాడు సూపర్‌వైజరు.

పచ్చి అబద్ధం. మేనేజరు ఆయన చేతిలో మెమో పెట్టి వెళ్లిపోయాడు.

"ఎందుకలా చెప్పారు బావగారూ?"

"నిన్ను పోనిస్తానా తల్లీ?"

ఆ సాయంత్రం తోడికోడలు అన్నం వడ్డిస్తూ, "ముప్ఫయ్యేళ్లలో మీ బావగారు ఎవరిచేతా మాట పడలేదే," అంది. భర్త గ్లాసులోకి చూస్తూ, "అన్నయ్య ముందు ఇంక బడి మాటెత్తకు," అన్నాడు.

ఎత్తలేదు. బుధవారం, గురువారం ఒక్కో ప్లగ్గునూ రెండేసి సార్లు గుచ్చి చూసింది.

శుక్రవారం సూపర్‌వైజరు తానే టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇంకో ఆర్డరొచ్చిందమ్మా, తొమ్మిది వేల ప్లగ్గులు. నీ పేరు చెప్పే ఒప్పుకున్నాను."

వెళ్తానంటే ఆయన అడ్డం పడడు. "సరేనమ్మా" అని చిన్నబోయి నిలబడతాడు. అలా నిలబడితే తన కాళ్లు కదలవని ఆవిడకు తెలుసు.

భోజనాల బెల్లు మోగింది. ఆయన అటు తిరిగి ప్యాకింగువాళ్లను కేకలేస్తున్నాడు. చెకింగక్క ఏప్రను విప్పి సొరుగులో పెట్టింది. క్యారియరు అందుకుని అందరితోపాటు గేటు దాటింది.

"అక్కా, ఇటు రా, నీడలో చోటు పట్టాను!" ప్యాకింగావిడ పిలిచింది.

గుంపంతా గోడ నీడకు మళ్లింది. చెకింగక్క మళ్లలేదు.