మూత లోపలి బొట్టు

నాన్న, సింహాచలం మేస్త్రి, నేను, మందుకోసం వచ్చి అరుగు మీద కూర్చున్న ముగ్గురు, బానెట్ ఎత్తి నిలబెట్టిన నల్ల కారు, దాని మడ్‌గార్డు మీద పరిచిన గోనెసంచి, సంచి మీద ఒక స్క్రూడ్రైవరు, రెండు పానాలు, ఉప్పుకాగితం ముక్క, సగం విరిగిన బ్లేడు. పెట్రోలు వాసనా తడిపసుపు వాసనా కలిసి ఎక్కడైనా తగిలితే ఇవన్నీ ఇదే వరుసలో కళ్ల ముందుకొస్తాయి. నేను చదివిన పాలిటెక్నిక్కులోనూ, ఇప్పుడు పనిచేస్తున్న వర్క్‌షాపులోనూ దసరాకి ఆ వాసన వస్తుంది. అందరూ కొబ్బరికాయ కొట్టే చోటికి వెళ్తారు. నేను స్టోరు గదిలో సామాను సరిచూస్తున్నట్టు నటిస్తాను.

మా నాన్న చోడవరంలో డాక్టరు. పెద్ద చదువు కాదు, పెద్ద ఫీజూ కాదు. వడ్డాది, చీడికాడ, దేవరాపల్లి దారుల్లో ఉన్న ఊళ్లన్నిటికీ ఆయనే వెళ్లి చూసొచ్చేవాడు. వెళ్లినచోట చేతికొచ్చేది చాలాసార్లు డబ్బు కాదు. బెల్లం దిమ్మ, అరటిగెల, ఆనపకాయ, చెరుకు కోతల రోజుల్లో గడ్డకట్టని వేడి పాకంతో నిండిన చెంబు. సాయంత్రం కారు గుమ్మంలో ఆగేసరికి వెనక సీటులోంచి తోట వాసన, మందుల వాసన, మరిగిన బెల్లం వాసన ఒకదాని మీద ఒకటి దిగేవి. ఆ కారు నాన్న కొనేనాటికే మూడు చేతులు మారింది. పాడైతే కొత్త సామాను వేయించే స్తోమత లేదు. అందుకని సింహాచలం మేస్త్రి ఉండేవాడు. వడ్డాది రోడ్డులో రేకుల షెడ్డు, లోపల ఒక మంచం, ఒక పెట్టె. కొత్త సామాను కొనలేనివాళ్ల బళ్లకి ఆయనే వైద్యుడు. "డాక్టరుగారి కారు చూసే మేస్త్రి" అన్న ఒక్క మాట మీద ఆ షెడ్డుకి మిగతా బళ్లు వచ్చేవి.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడాది దసరా. వీధిలో గోళీల పందెం, తోరణాలకి మామిడాకులు, వంటింట్లో గారెల చప్పుడు, పులిహోరలో ఇంగువ, తెల్లవారుజామున పడి ఆగిన వాన. ఆయుధపూజకి బొట్లు పెట్టే పని నాది. నాన్న స్టెతస్కోపుకీ, సూదుల డబ్బాకీ, అమ్మ కత్తిపీటకీ పెట్టి కారు దగ్గరకొచ్చాను. అప్పటికే నాకు జాబితాలంటే పిచ్చి. నాలుగు చక్రాలు, స్టీరింగు, హారను, తాళంచెవి, రేడియేటరు, బ్యాటరీ, నాలుగు ప్లగ్గులు. అక్కడితో ఆగవలసింది. ప్లగ్గులకి నిప్పురవ్వని వంతులవారీగా పంచిపెట్టే నల్లటి మూత ఒకటి ఉంటుంది. వారం ముందు మేస్త్రి బండిని శుభ్రం చేసినప్పుడు దాని రెండు క్లిప్పులూ ఎలా విప్పాలో చూశాను. విప్పాను. లోపల గుండ్రంగా నాలుగు ఇత్తడి బిళ్లలు. అసలు దేవుడు ఇక్కడే ఉంటాడనిపించింది. పక్కపక్కనున్న రెండు బిళ్లల మధ్య తడిపసుపు మందంగా రాసి, దానిమీద కుంకుమ అద్దాను.

"ఒరే, గారెలు సల్లారిపోతన్నాయి, రా!" అని అమ్మ కేకేసింది. మూత బిగించి వెళ్లిపోయాను.

మర్నాటి నుంచి ఇంజను మిస్సు కొట్టడం మొదలుపెట్టింది. ప్రతి నాలుగో అడుగూ తడబడే కుంటిమనిషిలా నడిచేది. చీడికాడ దారిలో చిన్న ఎత్తు ఎక్కలేక ఆగిపోతే పొలాల్లోవాళ్లు వచ్చి తోశారు. మూడోరోజు పొద్దున్న నాన్న మేస్త్రికి కబురు పెట్టాడు.

"ఏటోయ్ సింహాచలం, నువ్వు విప్పకముందు బండి శుభ్రంగా ఉంది. నీ చెయ్యి పడ్డాకే ఈ రోగం. మంచి ప్లగ్గులు తీసీసి ఏ టాక్సీకి పెట్టేవ్?"

"అదేటి డాక్టరుబాబూ, అంత మాటనీసేరు? ముందు ఏ గది సచ్చిందో సూద్దాం, ఉండండి."

అరుగు మీది చీడికాడ ముసలాయన ఉబ్బసపు గొంతుతో నవ్వాడు. "బండికీ నా జబ్బే తగులుకున్నాదండి. దానికీ ఓ సూదెట్టీండి."

మేస్త్రి చేసిన పరీక్షని నేను ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ అంత పొదుపుగా చూడలేదు. ఇంజను నడుస్తుండగా స్క్రూడ్రైవరు మొనని ప్లగ్గు తలకీ ఇంజను ఇనుముకీ ఒకేసారి ఆనించాడు. ఆ గదికి, అంటే ఆ సిలిండరుకి, నిప్పు అందక ఇంజను చప్పుడు కుంగింది. అంటే ఆ గది అంతవరకూ పనిచేస్తున్నట్టే. ఒకటి, కుంగింది. రెండు, కుంగింది. మూడు, ఏ మార్పూ లేదు. నాలుగు, కుంగింది. చచ్చింది మూడోది. మూడో ప్లగ్గు తీసి ఉప్పుకాగితంతో రుద్ది, ఒకటో దానితో మార్చి బిగించాడు. అప్పుడూ మూడో గదే మూగగా ఉంది. ప్లగ్గు తప్పు కాదు. వైర్లు మార్చాడు. అప్పుడూ మూడోదే. వైరు తప్పూ కాదు. ఒక్క పైసా సామాను లేకుండా రెండు అనుమానాలు తీర్చేసి, మిగిలిన మూత మీద చెయ్యి వేశాడు.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

మూత విప్పి వెలుగుకి తిప్పాడు. లోపల ఎండిపోయిన పసుపు, కుంకుమ, వాటి మధ్య ఒక బిళ్లనుంచి పక్క బిళ్లకి వెంట్రుకంత నల్లటి గీత. మూడో గదికి వెళ్లవలసిన నిప్పు ఆ తడిమీదుగా పక్కకి పారి, పారినచోట కాలిన మచ్చ అది. మేస్త్రి దాన్ని చూశాడు, తరవాత నన్ను చూశాడు. నాన్న నాలుగడుగుల దూరంలో ఎవరిదో నాడి పట్టుకుని ఉన్నాడు. మేస్త్రి తొందరపడలేదు. గుడ్డతో నెమ్మదిగా తుడిచాడు, బ్లేడుతో గీత గీకాడు, మధ్యలో ఒకసారి ఆగి, "ఏటి బాబూ?" అన్నాడు.

అది నాకు ఇచ్చిన వ్యవధి అని ఆ క్షణంలోనే తెలుసు. నేను ముందు చక్రానికేసి చూశాను.

"మూత లోపల సెమ్మ పట్టీసిందండి," అని మూత బిగించి ఇంజను స్టార్టు చేస్తూ నాన్నతో చెప్పాడు. "గీకీసేను. లాగేస్తది."

"నీ చేతిలోంచి వచ్చిన వారానికే చెమ్మా? ప్లగ్గులు కాదు, మూతే మార్చీసేవన్నమాట! పాతది అంటగట్టీసి, మళ్లీ దాన్నే బాగుచేసి పేరు కొట్టేద్దామని."

"తల్లితోడు బాబూ, నాను మార్చలేదు."

"ఇంక నా బండి ముట్టకు."

అరుగు మీద ముగ్గురూ విన్నారు. ఇంజను ఏ తడబాటూ లేకుండా తిరుగుతోంది. మేస్త్రి పానాలు సంచిలో వేసుకుని, నా పక్కనుంచి వెళ్తూ గొంతు తగ్గించి అన్నాడు: "బొట్టు పైనెట్టాల బాబూ. లోపలెట్టకూడదు."

నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు. కొడతాడని భయపడి ఊరుకున్నాను అనడానికి లేదు. వచ్చినవాళ్లందరికీ ఆయన నన్ను చూపించి, "ఈ గుంటడు ఇంజనీరవుతాడు" అనేవాడు. ఆ మాట పోతుందని ఊరుకున్నాను. ఆ మాట కోసం ఇంకొకాయన పేరు పోయింది. నాలుక మీద థర్మామీటరు పెట్టుకుని కూర్చున్నవాళ్లకి నాన్న ఆ కథ చెప్పేవాడు: సింహాచలం మంచి సామాను తీసి చెత్త బిగిస్తాడని. తెర వెనక పుస్తకం ముందేసుకుని నేను వినేవాణ్ణి. రేకుల షెడ్డు ముందు ఆగే బళ్లు తగ్గాయి. నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి షెడ్డుకి తాళం పడింది. అందుకు కారణం అదొక్కటే అని నేను రుజువు చెయ్యలేను. కాదని అంతకంటే చెయ్యలేను. ఆయన ఏదో బస్సు గ్యారేజీలో చేరాడన్నారు, ఏ ఊళ్లోనో నేను అడిగినవాళ్లెవరికీ తెలియదు.

పాలిటెక్నిక్కులో ఒకరోజు లెక్చరరు అలాంటి గీత ఉన్న మూతే బల్లమీద పెట్టి, ఇది ఎందుకు పడుతుందని అడిగాడు. "తేమ, దుమ్ము," అన్నాను. సరే అన్నాడు. మూడో కారణం అక్కడా చెప్పలేదు.

ఈ దసరాకి చోడవరం వెళ్లాను. షెడ్డు ఉన్నచోట ఎరువుల దుకాణం ఉంది. నల్ల కారు తుక్కు కింద పోయింది. బెల్లం దిమ్మలు మోసుకొచ్చే రోగులూ తగ్గారు, ఇప్పుడు వాళ్లు బస్సెక్కి విశాఖపట్నం వెళ్తున్నారు. భోజనాలయ్యాక అరుగు మీద నాన్నకి మొత్తం చెప్పాను. మూత, క్లిప్పులు, పసుపు, "ఏటి బాబూ" అన్న మాట, అన్నీ వరుసగా.

నాన్న లోపలికి వెళ్లి కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"సింహాచలం దొంగని నానెంతమందికి చెప్పేనో రాయి. వాళ్లందరికీ మళ్లీ చెప్పాల," అన్నాడు.

ఆయనకి మనుషులు జబ్బులతోనే గుర్తు. చీడికాడ ఉబ్బసం ముసలాయన, వడ్డాది పచ్చకామెర్ల గుంట తండ్రి, దేవరాపల్లి కాలిపుండు కరణం... వేళ్లు మడుస్తూ చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. కొన్నిచోట్ల ఆగి, "ఈయన పోయేడు" అన్నాడు. వాటి పక్కన చిన్న గీత పెట్టాను.

పదిహేడు మంది. నాలుగు గీతలు.