నా నమూనాలన్నీ గేటు దగ్గరే ఆగిపోయాయి

ఆనందం పట్టలేక రాస్తున్నాను! ఫ్యాక్టరీలకు జాగ్రత్త బోర్డులు రాసివ్వడం నా పని. ఈ రోజు బొల్లారంలో ఒక మందుల కంపెనీ మేనేజరు రమ్మన్నారు. ఆయనకు చూపించాలని వారమంతా కూర్చుని నా బోర్డుల ఫొటోలు ఫోన్‌లో అందంగా పేర్చుకున్నాను. తీరా వెళితే గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆ ఫోనే తీసి పెట్టుకున్నాడు. లోపల నిప్పంటుకునే రసాయనాలుంటాయి, ఫోన్లు తీసుకెళ్లకూడదు. బోర్డులు రాసే నాకే ఆ సంగతి గుర్తులేదు!

మేనేజరు నన్ను ప్లాంటు తలుపు దాకా తీసుకెళ్లి అడిగారు.

"ఏమేం చేసినవో చూపియ్యమ్మా."

"ఫోన్ గేటు కాడ ఉంది సార్. జెర ఒక చాక్‌పీస్ ఇప్పియ్యండి."

తలుపు మీద ఇంగ్లీషులో తొమ్మిది లైన్ల హెచ్చరిక ఉంది. దాని కింద పెద్ద అక్షరాలతో రాశాను: "ఫోన్ బయట పెట్టినవా? అయితేనే లోపలికి రా."

మేనేజరు చదివారు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది గేటు కాడ ఇచ్చిపో అమ్మా. రేపటి సంది వచ్చి అన్ని తలుపులకూ రాయాలె."

నమూనా ఒక్కటీ చూపించకుండా పని తెచ్చుకున్నవాళ్లు మీలో ఇంకెవరున్నారు, చెప్పండి!